జవాబు కోసం నిలబడని మనిషి

తిప్పేస్వామి ప్రశ్న అడుగుతాడు. జవాబు కోసం నిలబడడు. కదిరిలో అతన్ని ఎరిగినవాళ్లు ఎవరైనా అతని గురించి మొదట చెప్పేది ఇదే. చాలామంది అక్కడితో ఆపేస్తారు కూడా.

"ఈ బస్సు కొత్తచెరువు పోతాదా?" అని కండక్టర్ని అడుగుతాడు. కండక్టరు నోరు తెరిచేలోగా పక్క అంగట్లో బొరుగులు కొంటూ ఉంటాడు. "పోతాది, ఎక్కప్పా!" అని కండక్టరు కేక వేస్తే, ఆ క్షణమే అడిగినట్టు తల తిప్పి "ఆయ్తు" అంటాడు. అది అతని సొంతూరు గుమ్మఘట్ట నుంచి వెంట తెచ్చుకున్న కన్నడం. మనం సరే అనే చోటల్లా అతను ఆయ్తు అంటాడు. కొన్నిసార్లు అతను తిరిగొచ్చేలోగా బస్సు వెళ్లిపోతుంది. దానికీ ఆయ్తే.

ఒకసారి ఆసుపత్రిలో రక్తం ఇచ్చి, "నాకు షుగరుండాదా?" అని అడిగి వెళ్లిపోయాడు. కాంపౌండరు కాగితం పట్టుకుని ఊరంతా వెతికాడు. చివరికి జిలేబీ బండి దగ్గర దొరికాడు.

"ఉండాది సామీ!" అన్నాడు కాంపౌండరు రొప్పుతూ.

తిప్పేస్వామి నోట్లో ఉన్నది మింగాడు. చేతిలో ఉన్నది కాంపౌండరు చేతిలో పెట్టాడు. "ఆయ్తు."

పెళ్లిచూపుల సంగతి అతని భార్య లలితమ్మే చెబుతుంది. "నేను నీకు నచ్చినానా?" అని అడిగి, లేచి, పక్కింట్లో చెడిపోయిన మోటారు చూడటానికి పోయాడట. వాళ్ల నాయన అవమానంగా తీసుకున్నాడు. సంబంధం తప్పిపోయిందనే అనుకున్నారు అందరూ. శనక్కాయ పీకుళ్లు అయిపోయాక లలితమ్మ ఒక్కతే బస్సెక్కి రాయదుర్గం పోయింది. అతను ఒక అంగట్లో కంప్యూటరు విప్పుకుని కూర్చున్నాడు. గుమ్మంలో నిలబడి "నచ్చినావు" అంది. ఏమిటని అతను అడగలేదు. "ఆయ్తు" అని, తన స్టూలు ఆమెకు జరిపి, తను నేలమీద కూర్చున్నాడు.

"ఈయప్ప ఆ పొద్దు నా ముందర నిలబడింటే, లేదనే చెప్పింటి," అంటుంది లలితమ్మ. విన్నవాళ్లు పడిపడి నవ్వుతారు. ఆ నవ్వులో ఆ చివరి మాటను ఎవరూ సరిగ్గా వినరు.

జ్యోతిలక్ష్మి కూడా చాలాకాలం వినలేదు.

ఆమె అతన్ని మొదట చూసింది నీళ్ల ట్యాంకర్ల ఆఫీసులో. వాన ముఖం చాటేసి అది రెండో ఏడు. చేలలో విత్తిన విత్తనం విత్తనంగానే మాడిపోయింది. పశువులను తోలేశారు. మనుషులు బెంగళూరు బస్సు ఎక్కేశారు. మిగిలినవాళ్లకు ట్యాంకరు వస్తే నీళ్లు, రాకపోతే లేవు. ట్యాంకర్ల కాంట్రాక్టు వేణుగోపాల్ శెట్టిది. బస్టాండు వెనక ఒక గది, గదిలో ఒక కంప్యూటరు, కంప్యూటరు ముందు జ్యోతిలక్ష్మి.

తెరమీద ఒక్కో ఊరికి ఒక్కో గడి. ఊళ్లో నీళ్ల తొట్టి పక్కన రేకు పెట్టెలో ఒక పాత ఫోను. ఇక్కడ గడి నొక్కితే "ట్యాంకరు వస్తాంది" అని అక్కడికి మాట పోతుంది. అక్కడివాళ్లు పచ్చ మీట నొక్కితే మాట అందినట్టు. ఇంతే పని. కాని రోజూ పొద్దున మొదటి ఊరికి మాట పంపగానే తెర కొయ్యబారిపోయేది. ఏ గడి నొక్కినా పలికేది కాదు. నడిమధ్యలో ఒక సున్నా గిర్రున తిరుగుతూ ఉండేది. బయట ట్యాంకర్లు నీళ్లు నింపుకుని, ఎక్కడికి పోవాలో తెలియక, ఎండలో కారుతూ నిలబడేవి.

తప్పు పల్లెల్లో లేదు. అలాగని మొత్తంగా ఆఫీసులోనూ లేదు. వెనకెప్పుడో ఎవరో వచ్చి, నీళ్లు అందాయని ముందే వేలిముద్రలు వేయించుకుని పోయారు. నీళ్లు రాలేదు. అప్పటినుంచి బిందెలో నీళ్లు పడేదాకా దేనికీ ఔననకూడదని ఆ పల్లెల్లో ఒక కట్టుబాటు. మాట అందితే నొక్కండి చాలు అని ఎంత చెప్పినా వినరు. ట్యాంకరు రావాలి, గొట్టం విప్పాలి, చివరి బిందె నిండాలి. అప్పుడు నొక్కుతారు. అందాకా ఇక్కడి ప్రోగ్రాము ఆ ఒక్క ఊరి జవాబు కోసం చేతులు కట్టుకుని నిలబడి ఉండేది.

శెట్టి దీన్ని దిష్టి అనుకున్నాడు. కంప్యూటరుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. మిరపకాయలు ఎండిపోయాయి. సున్నా తిరుగుతూనే ఉంది. అప్పుడు తిప్పేస్వామిని పిలిపించాడు. బెంగళూరులో చాలా ఏళ్లు ప్రోగ్రాములు రాసి, ఎందుకో తిరిగొచ్చేసిన మనిషి.

"ఏమమ్మా, ఇది ఎప్పుడెప్పుడు బిగుసుకుంటాది?" అని అడిగి అతను బయటికి నడిచాడు.

జ్యోతిలక్ష్మి చెప్పడం మొదలుపెట్టింది. సగంలో, తను ఖాళీ కుర్చీతో మాట్లాడుతున్నానని తెలిసి ఆపేసింది. కాసేపటికి టీ గ్లాసుతో వచ్చాడు. ఆమె విసుగ్గా మిగతా సగం చెప్పింది. గుమ్మం దాటుతూనే మొదటి సగం విని ఉంచుకున్నట్టున్నాడు. రెండో సగాన్ని దానికి అతికించుకుని, "ఆయ్తు" అని కూర్చున్నాడు.

పని చేస్తూ చేస్తూ, తెరమీంచి చూపు తిప్పకుండానే, "మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" అన్నాడు.

"మా ఆయన..." అంది జ్యోతిలక్ష్మి.

తర్వాతి మాట రాలేదు. ఈ ప్రశ్న ఆమెకు కొత్త కాదు. అడిగినవాళ్లు తల ఒక పక్కకు వంచి, కథ వినడానికి సిద్ధంగా నిలబడతారు. నిలబడ్డారు కదా అని ఆమె ఏదో ఒకటి చెబుతుంది. కువైట్‌లో ఉన్నాడని కూడా ఒకరికి చెప్పింది. ఈసారి ఏం చెప్పాలా అని తలెత్తితే కుర్చీ ఖాళీ. కిటికీలోంచి చూస్తే తిప్పేస్వామి ఓబిలేష్ టీ అంగడి వైపు నడుస్తున్నాడు.

మర్యాద తెలీని మనిషి, అనుకుంది. ఎందుకో ఆ పూట ఆమె అన్నం మొత్తం తిన్నది.

జబ్బు ఏమిటో చెప్పమని శెట్టి పట్టుబడితే, తిప్పేస్వామి అతన్నీ జ్యోతిలక్ష్మినీ ఓబిలేష్ అంగడికి తీసుకుపోయాడు. అక్కడ బెంచీమీద ఎప్పటిలాగే జయరామయ్య ఉన్నాడు. టీయా కాఫీయా అన్నది తేల్చుకోవడానికి పొద్దున వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చునే పెద్దాయన.

"ఓబిలేషూ, జయరామయ్య ఏం కావాలో చెప్పేదాకా ఈన్నించి కదలద్దు," అన్నాడు తిప్పేస్వామి.

"అన్నా, ఆయప్ప సంగతి నీకు తెలీదా? నా యాపారం ఏం గాను?"

"నిలబడు."

ఓబిలేష్ నిలబడ్డాడు. "ఏం కావాల పెద్దాయనా?"

జయరామయ్య గడ్డం నిమురుకున్నాడు. "టీ తాగితే కడుపులో మంట. కాఫీ తాగితే నిద్ర రాదు. నిద్ర పోయి మాత్రం చేసేదేముండాది..."

పొయ్యిమీద పాలు ఉడకడం మొదలైంది. ఒకడు బోండా అడిగాడు. ఇంకొకడు నీళ్లడిగాడు. ట్యాంకరు డ్రైవరు వెంకటేశులు బల్లమీద గ్లాసు మోదాడు. "ఓబిలేషూ, ఉండావా సచ్చినావా?"

"ఉండానన్నా, కదిలేకి లేదు!"

"గమ్మునుండండప్పా, ఆలోచన చేస్తాండా," అన్నాడు జయరామయ్య.

పాలు గిన్నె అంచు దాటాయి. "పొంగిపోతాండాయి, ఎవురన్నా చూడండప్పా!" అని గావుకేక పెట్టాడు శెట్టి.

"ఇదే నీ ప్రోగ్రాము," అన్నాడు తిప్పేస్వామి. "రోజూ ఓబిలేష్ ఏం చేస్తాడు? అందర్నీ అడుగుతాడు, ఎవురి కాడా నిలబడడు. ఎవురు పిలిస్తే వాళ్ల కాడికి పోతాడు. మా ప్రోగ్రాములోళ్లు సాకెట్టంటారే, అదేం లేదు శెట్టీ, ఊరికీ మనకీ మధ్యన ఒక గొట్టం. గొట్టానికి చెవి పెట్టుకోని కూర్చుంటే తెర సచ్చిపోతాది. గొట్టానికి గంట కట్టి మన పని మనం చేసుకుంటా ఉండాల. మోగితే పోవాల."

"మోగకపోతే?" అన్నాడు శెట్టి.

తిప్పేస్వామి అప్పటికే రోడ్డు దాటుతున్నాడు. వెనకనుంచి జయరామయ్య అన్నాడు: "కాఫీ."

కొత్త ప్రోగ్రాము వచ్చాక తెర మళ్లీ బిగుసుకోలేదు. అడిగిన ఊరు పసుపు. పచ్చ మీట నొక్కిన ఊరు పచ్చ. ఎన్నాళ్లుగానో పలకనిది బూడిద రంగు. ఏ ఊరు పలికినా కంప్యూటరులో గంట మోగేది. ఒక ఊరు మూగపోయినా మిగతా ఊళ్లు బతికే ఉండేవి. కొండపక్క ఊళ్లలో సిగ్నలు సరిగా ఉండదు. ఫోనులో వాళ్లు కొట్టే మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి. పాత ప్రోగ్రాము సగం మాట వస్తే తప్పని పారేసేది. తిప్పేస్వామి ప్రోగ్రాము దాచిపెట్టి, తక్కింది వచ్చాక కలిపేది.

"సగం మాట తప్పు కాదు జ్యోతమ్మా," అన్నాడు ఒకసారి. "సగం, అంతే. మిగతాది దారిలో ఉంటాది."

మనుషులతోనూ అతనిది అదే లెక్క. జయరామయ్య ఒక రోజు "నేను నిన్న" అని మొదలుపెట్టి, దగ్గు వచ్చి లేచిపోయాడు. మళ్లీ కనబడినప్పుడు "జారి పడినా" అన్నాడు. "మోకాలికేనా తగిలింది?" అన్నాడు తిప్పేస్వామి. పక్కనున్నవాళ్లకు తలా తోకా తెలియలేదు.

ఇంత చేసినవాడు ప్రోగ్రాములో ఒక్కటి పెట్టలేదు. ఊరిని తీసేసే మీట. అది శెట్టికి బోడికొండపల్లి దగ్గర తెలిసింది.

ఎండలు ముదిరేసరికి బోడికొండపల్లి గడి బూడిద రంగుకు తిరిగింది. అక్కడ ఫోను చూసుకునే చౌడప్ప పెళ్లాం బిడ్డలతో బెంగళూరు కట్టడం పనికి పోయాడు. పోతూ పోతూ ఫోను మేకల బయమ్మకు అప్పజెప్పాడని విన్నారు. ఆ తర్వాత ఏమీ వినలేదు. వెంకటేశులు ఒకసారి ట్యాంకరు తీసుకుపోయి నిండు ట్యాంకరుతో తిరిగొచ్చాడు.

"ఆడ ఎవురూ లేరు సార్. అన్ని ఇండ్లకీ బీగాలే. కుక్క గూడా లేదు."

అదే వారం వేరే ఊళ్లో ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకుని ఒకామె తల పగిలింది. శెట్టి ఆఫీసుకు వచ్చి కూర్చోకుండానే అన్నాడు: "ఆ బోడికొండపల్లి గడి తీసెయ్ స్వామీ. ఆ ట్రిప్పు తల పగిలిన ఊరికి ఇస్తా."

"తీసే మీట లేదు శెట్టీ."

"పెట్టు."

"ఆడ బయమ్మ ఉందేమో. ఇంకా రెండు మూడు ఇండ్లోళ్లు ఉండారేమో."

"ఉండారని నీకు తెలుసునా?"

"తెలీదు."

"మరి?"

"లేరని నీకు తెలుసునా?"

శెట్టి ముఖం ఎర్రబడింది. "ఈడ తలకాయలు పగుల్తాండాయి! పలకని ఊరికి నీళ్లు ఎట్ల పంపేది? రాళ్లకు పోసి వచ్చేదా?"

తిప్పేస్వామి లేచి చెప్పులు వేసుకున్నాడు. "ఆయమ్మ ఉండి, మనం తీసేసింటే, ఆ మాట రేపు ఎవురికి చెప్పుకుంటావు శెట్టీ?" అని అడిగాడు. వెళ్లిపోయాడు.

"చూడమ్మా! అడిగి పోయినాడు! నేను జవాబు చెప్పద్దా?" అని శెట్టి ఖాళీ కుర్చీమీద అరిచాడు.

"చెప్పండి సార్," అంది జ్యోతిలక్ష్మి.

శెట్టి నోరు తెరిచాడు. అరవడానికి ఎదురుగా మనిషి లేడు. గెలవడానికీ లేడు. కుర్చీ ఉంది, తెర ఉంది, తెరమీద బూడిద గడి ఉంది. శెట్టి నోరు మూసుకుని దానివైపు చాలాసేపు చూశాడు. తర్వాత కండువా దులుపుకుని బయటికి పోయాడు. కిటికీలోంచి జ్యోతిలక్ష్మికి కనిపించింది. టీ అంగడి దగ్గర శెట్టి తిప్పేస్వామి పక్కన నిలబడి, రోడ్డువైపు చూస్తూ, ఏదో చిన్నగా అన్నాడు. తిప్పేస్వామి పెదవులు "ఆయ్తు" అన్నాయి. ఓబిలేష్ ఏమీ విననట్టు కడిగిన గ్లాసునే మళ్లీ కడిగాడు.

గడి ఉంటుంది. జవాబు వస్తేనే ట్యాంకరు. శెట్టి అన్నది అదట.

నా ముందర నిలబడింటే లేదనే చెప్పింటి. లలితమ్మ మాట జ్యోతిలక్ష్మికి ఆ పూట మొదటిసారి వినిపించింది. నవ్వు లేకుండా.

ఆ తర్వాత ప్రోగ్రాము రోజూ బోడికొండపల్లిని "ఉండారా?" అని అడిగేది, తన పనిలోకి పోయేది. జ్యోతిలక్ష్మికే అది చేతకాలేదు. సద్ది గిన్నె తెరిచి పెట్టుకుని ఆ ఒక్క గడినే చూస్తూ కూర్చునేది. ట్యాంకర్లు బయట హారన్లు కొట్టేవి.

"తెర బాగుండాది. నువ్వు బిగుసుకున్నావు," అన్నాడు తిప్పేస్వామి. "గంట కట్టినా కదమ్మా. నీ అన్నం నువ్వు తిను."

"వాళ్లు అన్నం తింటాండారో లేదో."

కంప్యూటరుకు కట్టిన ఎండు మిరపకాయలు గాలికి గలగలమన్నాయి.

ఒక మిట్టమధ్యాహ్నం గంట మోగింది. బూడిద గడిలో ఒక్క అక్షరం కనిపించింది.

ఉ

జ్యోతిలక్ష్మి కేక విని శెట్టి వచ్చాడు, వెంకటేశులు వచ్చాడు, చేతిలో జల్లెడతో ఓబిలేష్ వచ్చాడు. అక్షరం అక్కడే ఉంది. పక్కన ఇంకేమీ రాలేదు.

"ఉ అంటే ఏమప్పా?" అన్నాడు శెట్టి.

"సగం," అన్నాడు తిప్పేస్వామి. "వస్తాది." టీ తాగడానికి వెళ్లిపోయాడు.

ఎవరూ కదల్లేదు. ఒక్కో మీటా వెతుక్కుంటూ ఒక ముసలి వేలు ఎక్కడో కొండ కింద తిరుగుతున్నట్టు జ్యోతిలక్ష్మికి అనిపించింది. ఉం. చాలాసేపటికి, ఉండ. సిగ్నలు పోయింది. గడి మళ్లీ బూడిదయింది. శెట్టి తనకు తెలియకుండానే కంప్యూటరుకు దండం పెట్టుకున్నాడు. గంట మళ్లీ మోగింది.

ఉండాం

"ఉండారు!" అని ఓబిలేష్ జల్లెడ ఎగరేశాడు. కాని బయమ్మ అంతటితో ఆపలేదు. ఒకసారి మీటలు చేతికి అలవాటయ్యాక ఆమెకు చెప్పాల్సింది చాలా ఉన్నట్టుంది. అక్షరం వెనక అక్షరం వస్తూనే ఉంది. మూడిండ్లోల్లం ఉండాం. మేకలు సచ్చినాయి. ఊట గుంటలో బురద తాగుతాండాం. ఆ డ్రైవరు బండి దిగలే. ఊరి బయట హారను కొట్టి పాయ. వాని నోట్ల మన్ను పడ.

గదిలో అందరూ వెంకటేశులు వైపు తిరిగారు.

"ఎండగా ఉండె సార్..." అన్నాడు వెంకటేశులు. ఒక్కొక్క అక్షరంగా వచ్చిన తిట్టును అంతసేపు నిలబడి చదవడం కంటే పెద్ద శిక్ష ఏముంటుంది? అతను తువ్వాలు తలకు చుట్టుకుని, ఎవరూ చెప్పకముందే ట్యాంకరు ఎక్కాడు.

బయమ్మ పచ్చ మీట మాత్రం నొక్కలేదు. బిందెలో నీళ్లు పడేదాకా నొక్కదు.

పొద్దు వాలుతుండగా జ్యోతిలక్ష్మి టీ అంగడికి వచ్చింది. ఆమె తనంతట తాను అక్కడికి రావడం అదే మొదటిసారి. తిప్పేస్వామి స్టూలు ఆమెకు జరిపి తను రాయిమీద కూర్చున్నాడు. ట్యాంకరు ఈపాటికి బోడికొండపల్లి చేరి ఉంటుంది. ఇద్దరూ ఆఫీసు కిటికీ వైపు చూశారు. గడి ఇంకా పసుపే.

"నాలుగో బోరు గూడా ఎండిపోయినాక, ఆ చేనులోనే పోయినాడన్నా," అంది జ్యోతిలక్ష్మి. "మందు తాగి."

ఎవరు అని అతను అడగలేదు. మొదటి సగం అతని దగ్గర ఉంది. తెరమీద సున్నా ఇంకా తిరుగుతున్నప్పటి, 'మా ఆయన' అన్న సగం. ఈసారి ఆయ్తు అనలేదు. చేతిలోని గ్లాసు నెమ్మదిగా కింద పెట్టాడు.

ఓబిలేష్ పొయ్యి తగ్గించాడు. జయరామయ్య సైతం టీ గురించీ కాఫీ గురించీ ఆలోచించడం మానేశాడు.

కొంతసేపటికి తిప్పేస్వామి, "పేరేమమ్మా ఆయప్పది?" అని అడిగాడు. అడిగి, అలవాటు ప్రకారం మోకాళ్లమీద చేతులు ఆనించి లేవబోయాడు.

"యాడికన్నా? కూర్చో," అంది జ్యోతిలక్ష్మి. "దీనికి జవాబు ఉండాది."

లేవబోయినవాడు సగంలో ఆగి, మళ్లీ కూర్చున్నాడు. కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒకసారి గ్లాసు తీసి ఒకసారి పెట్టి, పెళ్లిచూపులకు వచ్చిన పిల్లవాడిలా బిక్కముఖం వేశాడు. అది చూసి ఆమెకు నవ్వొచ్చింది.

"దివాకర్," అంది. "శానా మాట్లాడే మనిషి. నీ మాదిరి కాదు."

ఆఫీసులో గంట మోగింది. కిటికీలోంచి ఆ గడి పచ్చగా కనిపించింది. ఆమె లేవలేదు. చెప్పాల్సింది ఇంకా సగం ఉంది.